నడకపొన్నల జాతర

ఆదివారం పొద్దున్నే తలకు సబ్బు పట్టించుకుని, కళ్ళు మూసుకుని చెంబు కోసం తడుముకుంటూ ఉంటే నా చేతికి చెట్టు తగిలింది.

అంతవరకూ మా స్నానాల గదిలో చెట్టు లేదు. మూడువైపులా తాటాకు తడికలు, నాలుగోవైపు గోనెపట్టా, మధ్యలో ఒక బండరాయి, నీళ్ళ డ్రమ్ము. అంతే. కళ్ళు తెరిస్తే సబ్బు మండుతోంది, మూసుకుంటే భయం వేస్తోంది. చివరికి ఒక కన్ను మాత్రం తెరిచి చూశాను. వెనక తడిక పక్కకు ఒరిగి ఉంది. ఆ సందులోంచి నా భుజమంత ఎత్తున్న ఉప్పుపొన్న చెట్టు, సాలెపురుగు కాళ్ళలా వంగిన ఊడవేళ్ళమీద లోపలికి వస్తోంది. ముందున్న వేరు ఒకటి మెల్లగా సాగి, బురదను తడిమి చూసుకుని దిగబడింది. వెనక వేరు ఒకటి పట్టు వదిలి, నీళ్ళోడుతూ పైకి లేచింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టుంది ఆ నడక.

"అమ్మా వకుళా!" అని కేక వేశాను. "నీ చెట్టు ఒకటి ఇక్కడికి వచ్చిందమ్మా!"

బయట పరుగెత్తుకొచ్చిన చప్పుడు. "ఎటునుంచి వచ్చింది సార్? ఎంతసేపైంది? మీరు కదలకండి, కదిలితే అది దారి మార్చుకుంటుంది!"

"నేను కదిలే స్థితిలో లేనమ్మా."

"ఒక్క ఫొటో తీసుకుంటాను సార్."

"వద్దు తల్లీ!"

పాక దగ్గర పీతలు కడుగుతున్న నూకరత్నం ఈ మాటలన్నీ విన్నది. "ఏటండీ మేష్టారూ, మగ మొక్కా ఆడ మొక్కా? ఆడదైతే చెప్పండి, నాలుగు చీవాట్లు పెట్టి లాక్కుపోతాను. సిగ్గుండక్కర్లా!"

చెట్టు మాత్రం మర్యాదగానే ప్రవర్తించింది. బండరాయి కిందినుంచి నీళ్ళు పారి మట్టి కోసుకుపోయిన చోట, మా ఆవిడ ఎప్పుడో నాటిన గుగ్గిలం మొక్క పక్కన, వేళ్ళన్నీ సర్దుకుని ఆగింది. సబ్బుమీద కాలు కూడా వేయలేదు. తువ్వాలు తగిలించుకునే మేకు ఊడిపోయి చాలాకాలమైంది. ఆ రోజునుంచి తువ్వాలు దాని కొమ్మకే తగిలించుకోవడం మొదలుపెట్టాను. వచ్చిన పూటే ఉపకారం చేసిన అతిథులు చాలా తక్కువమంది ఉంటారు.

వకుళ ఒకప్పుడు కాకినాడ కాలేజీలో నా విద్యార్థిని. నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ఎందుకు ముడుచుకుంటుందో నేను క్లాసులో చెబుతుంటే, "అదే గుణం వేళ్ళకు వస్తే చెట్టు నడుస్తుందా సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు. కూర్చుని రాసుకుంది. పెద్దయ్యాక డాక్టరేటు పుచ్చుకుని, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, గవ్వలతిప్ప అనే ఈ చిన్న ఊళ్ళో ప్రయోగశాల పెట్టి, సాయానికి నన్ను పిలిచింది. అప్పటికి నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఖాళీగా ఉన్నాను. మా ఆవిడ మాణిక్యం, "సముద్రం గాలి మీకు మంచిది, చేపలు నాకు మంచివి" అని రెండు పెట్టెలూ తనే సర్దింది.

వకుళ చేసింది చెప్పడానికి తేలిక. అత్తిపత్తి ఆకు కాడలోకి నీళ్ళు తోడుకుని, వదిలేసి కదులుతుంది. ఆ కిటుకును ఆమె ఉప్పుపొన్న ఊడవేళ్ళకు నేర్పింది. మట్టి జారుతున్నప్పుడు పుట్టే సన్నటి అదురు ఆ వేళ్ళకు తెలుస్తుంది. అదురు ఎక్కడ ఉంటే చెట్టు అక్కడికి నడిచి వెళ్ళి, మట్టిని గుప్పిట పట్టుకుని నిలబడుతుంది. నీళ్ళు తగ్గితే నెమ్మదిగా, పోటుమీద చురుగ్గా. చురుగ్గా అంటే తాబేలంత. వాటికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు నడకపొన్న.

ఇదంతా ఎందుకంటే గవ్వలతిప్పకు ఉన్నది ఒక్కటే తీపినీళ్ళ బావి. దానికీ సముద్రానికీ మధ్య ఒక మట్టిగట్టు. ఆ గట్టును ఏటేటా పోటు కొరుక్కుతింటోంది. గట్టు తెగి ఉప్పునీళ్ళు బావిలో పడితే ఊరు ఉండదు. అందరినీ లోపలెక్కడో పొలాల మధ్య కట్టిన కాలనీకి పంపించేస్తామని పైవాళ్ళు అప్పటికే చెప్పేశారు. ఆ కాలనీని నూకరత్నం ఒకసారి చూసి వచ్చింది. "ఇళ్ళు బాగానే ఉన్నాయండి. నీళ్ళు చూడాలంటే మాత్రం గ్లాసులోకి చూడాలి" అంది.

ఆమె ఇల్లు గట్టుకు ఆనుకునే ఉంటుంది. మా ప్రయోగశాలకు వంట చేసేది ఆమే. అందుకని నడకపొన్నల మంచిచెడ్డలమీద మాట్లాడే హక్కు మా అందరికంటే తనకే ఎక్కువని ఆమె నమ్మకం.

మొదట్లో అన్నీ మంచి రోజులే. గట్టుమీద ఏ మూల మట్టి రాలినా తెల్లారేసరికి అక్కడ ఒక చెట్టు కాపలా ఉండేది. అయితే వాటికి గట్టుమట్టి వేరు, పెరటిమట్టి వేరు అన్న భేదం తెలియదు. బావి దగ్గర చేద ఒలికి నేల కోసుకుపోతే, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ వెనకాల ఇవీ వరసలో వచ్చి నిలబడ్డాయి. "బిందె లేకుండా వరసలోకి ఎందుకొచ్చావే?" అని నూకరత్నం ఒకదాన్ని పక్కకు నెట్టింది. అది మళ్ళీ వచ్చి అదే చోట నిలబడింది. చివరికి దాని కొమ్మకు ఒక బిందె తగిలించి, "సరే, నీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాను" అని ఊరుకుంది.

ఒక సంగతి మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది. అవన్నీ ఒకే తల్లిచెట్టు ముక్కలనుంచి పెంచినవి. ఒకే ఎత్తు, ఒకే ఆకు, ఒకే బుద్ధి. ఒకటి బయలుదేరిందంటే మిగిలినవీ బయలుదేరేవి. వెళ్ళే పని ఒకదానికే ఉన్నా సరే. రకాలు కలిపి వేద్దామా అని ఒకసారి అడిగాను.

"అన్నీ ఒకేలా ఉంటేనే కదా సార్ ప్రయోగం తేలేది" అంది వకుళ.

అది పాఠంలో నేను చెప్పిన మాటే.

నిధులిచ్చే సంస్థ తరఫున ఒక అధికారి వచ్చాడు. గట్టుమీదకు జీపు తోలవద్దని చెప్పినా తోలించాడు. చక్రాలు బురదలో దిగబడ్డాయి. డ్రైవరు ఇంజను రెచ్చగొట్టినకొద్దీ చక్రం తిరిగి మట్టి చిమ్ముతోంది. మట్టి చిమ్మినకొద్దీ నడకపొన్నలు నాలుగువైపుల నుంచీ బయలుదేరాయి. చుట్టూ చేరి, చక్రాల సందుల్లోంచి వేళ్ళు పోనిచ్చి, జీపును ఎత్తుకున్న బిడ్డలా పట్టుకున్నాయి. అధికారి లోపలే ఉండిపోయాడు.

"ఎప్పుడు వదుల్తాయి?" అన్నాడు కిటికీలోంచి.

"ఆటు వచ్చి నీళ్ళు తీశాక వదిలేస్తాయి సార్" అంది వకుళ.

నూకరత్నం కిటికీలోంచే అన్నమూ పీతల పులుసూ అందించింది. ఆయన తిన్నాడు. ఇంకోసారి అడిగి తిన్నాడు. జీపు బయటపడేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏం పట్టండీ! అద్భుతం! తీరమంతా ఇవే వేసేద్దాం." అంతలో ఆయన చూపు పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న అడవిమీద పడింది. "అక్కడ ఆ పిచ్చిచెట్లేమిటి? ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి వంకర. అవి తీయించేసి అక్కడా ఇవే నాటండి. చూడ్డానికి కవాతులా ఉండాలి."

ఆ పిచ్చిచెట్లు మాణిక్యం వేసినవి. వేసిందనడం కూడా పెద్దమాట. సాయంత్రం పూట పాయ ఒడ్డున మెల్లగా నడుస్తూ, నీళ్ళలో కొట్టుకొచ్చిన కాయా గింజా ఏది దొరికితే అది తెచ్చి మొగ దగ్గర గుచ్చేది. నల్లమడ, తెల్లమడ, కళింగ, గుగ్గిలం, అన్నీ ఉప్పునీళ్ళలో పెరిగే రకాలే. ముట్టుకుంటే పాలు కారి కళ్ళు మండించే తిల్ల చెట్టును కూడా వదల్లేదు. "దాన్నెందుకు?" అంటే, "దానికీ ఎవరో ఒకరు ఉండాలి కదండీ" అనేది.

తర్వాత మోకాళ్ళు పట్టేసి నడక తగ్గిపోయింది. ఊళ్ళో గంగాలమ్మ జాతర జరిగినా గుమ్మంలో కూర్చునే డప్పులు వినేది. నేను వెళ్ళి చూసి వచ్చి ఎవరు ఏ చీర కట్టుకున్నారో, పోలయ్య గరగ ఎత్తి ఎలా ఆడాడో, అన్నీ చెప్పాలి. ఒక్కటి వదిలేసినా పట్టేసుకునేది. నాకు వర్ణన చేతకాదు. అయినా ఆ రెండుమూడేళ్ళలో కాస్త నేర్చుకున్నాను. ఆ తర్వాత చెప్పించుకునే మనిషి లేకుండా పోయింది.

"ఇప్పుడే కొట్టించడం బాగుండదేమోనమ్మా" అన్నాను వకుళతో. "గుగ్గిలం పూతమీద ఉంది, తేనెటీగలు ముసురుతున్నాయి. జాతర కానీ."

వకుళ నా ముఖంలోకి చూసింది. "అలాగే సార్, జాతర అయ్యాకే" అంది. అంతే. మనసు తెలిసి ఊరుకునేవాళ్ళు దొరకడం అదృష్టం.

జాతర అమావాస్యకు మొదలైంది. నడకపొన్నలు గట్టెక్కాక ఇదే మొదటి జాతర. ఆ మధ్యాహ్నం మల్లాడి పోలయ్య గుడి దగ్గర గరగ తలకెత్తుకున్నాడు. గరగ అంటే వేపాకులూ పూలూ చుట్టిన అమ్మవారి కలశం. దాన్ని ఎత్తాక పోలయ్య కుటుంబం వంతులవారీగా మోస్తుంది. మర్నాడు సాయంత్రం ఊరంతా తిరిగి గుడికి చేరేదాకా నేలమీద దించకూడదు. డప్పు ఆగకూడదు. పాతిక డప్పులు, ఇసుక నేల, పోటు కాలం. మా నేలంతా అదిరింది. నేనూ గుడి దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. వకుళ కూడా కొట్టింది. ఇద్దరం వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్ళమే. ఆ అదురు ఇంకెవరైనా వింటున్నారేమోనన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

మర్నాడు శనివారం పొద్దున స్నానానికి వెళితే మా చెట్టు ఒళ్ళంతా వణుకుతోంది. ఆకులు గలగలలాడుతున్నాయి. వేరు ఒకటి పైకి లేచి, గుడివైపు సాగి, ఆగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. ఎక్కడికో వెళ్ళాలని ఉండి కొంగు ఎవరో పట్టుకున్న మనిషిలా ఉంది. తువ్వాలు చుట్టుకునే గట్టు దగ్గరకు పరుగెత్తాను.

గట్టుమీద ఒక్క నడకపొన్న లేదు. వేళ్ళు లాక్కుని వెళ్ళిన చోటల్లా గుంటలు. గట్టు మొత్తం జల్లెడలా ఉంది. ముందు పెద్ద పోటు. పొద్దెక్కేసరికి నిండుతుంది.

వకుళ అప్పటికే అక్కడ ఉంది. "అన్నీ జాతరకు వెళ్ళిపోయాయి సార్" అంది. ఆ మాట అంటూ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ అయివుండాలి.

ఊళ్ళోకి వెళ్ళి చూస్తే వీధి కనబడలేదు. అడవి కనబడింది. గుడి చుట్టూ, పందిరి కింద, మిఠాయి కొట్టు ముందు, అన్నిచోట్లా నడకపొన్నలు. అమ్మవారి మహిమ అని ఆడవాళ్ళు అప్పటికే వాటికి బొట్లు పెట్టేశారు. మిఠాయి కొట్టువాడు మాత్రం, "దండం పెట్టుకుంటే పెట్టుకున్నాయి గానీ బేరాలకి అడ్డం నిలబడ్డాయండీ" అని ఏడుస్తున్నాడు. మధ్యలో డప్పులు. డప్పుల ముందు గరగతో పోలయ్య.

"పోలయ్యా, డప్పులు ఆపించవయ్యా!" అని అరిచాను.

"ఆగకూడదండి!" అని ఆడుతూనే జవాబు చెప్పాడు.

"గట్టు తెగిపోతుందయ్యా! బావి పోతుంది!"

అతని కాళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. అతనూ ఆ బావి నీళ్ళే తాగుతాడు. "మరి డప్పు ఆపితే ఈ చెట్లు ఎనక్కి ఎల్తాయాండీ?"

వకుళ తల అడ్డంగా ఊపింది. "ఆపితే ఇక్కడే నిలబడిపోతాయి. డప్పులు గట్టుమీద మోగాలి. అప్పుడే అక్కడికి వస్తాయి."

"అలా ఎల్లకూడదు పాపగారండీ. గరగ ఎక్కడుంటే డప్పులు అక్కడ. గరగ ఎల్లేది గడపలకి. పసుపు రాసిన గడప ఉండాల, ఇంటోళ్ళు కాళ్ళమీద నీళ్ళొయ్యాల, కర్పూరం ఎలిగించాల. హారతి అయ్యేదాకా ఆడి, ఇంకో గడపకి కదలాల. గట్టుమీద గడపేదండీ?"

నూకరత్నం గుంపులోంచి ముందుకు వచ్చింది. "మా ఇల్లు గట్టుకాడే కదా పోలయ్య మావా?"

"మీ ఇంటికి నిన్న ఎల్లాం కదే. ఒక గడపకి ఒక్కసారే."

నేను వకుళ వైపు చూశాను. వకుళ నా వైపు చూసింది. ఇద్దరం మా ఇంటివైపు పరుగెత్తాం.

మా ఇంటి గడప ఎన్నాళ్ళనుంచో కదులుతోంది. కాలు వేస్తే కిర్రుమనేది. బాగుచేయించమని మాణిక్యం చెబుతూ ఉండేది. బాగుచేయించకపోవడం ఆ రోజు కలిసొచ్చింది. గునపం పెట్టి రెండుసార్లు ఎత్తితే ఊడి చేతిలోకి వచ్చింది. దానికి పసుపు కూడా ఉంది. ముందురోజు శుక్రవారం. మాణిక్యం వెళ్ళిపోయాక శుక్రవారం పూట ఆ పని నేను చేస్తున్నాను. చేత్తో రాయడం రాక బ్రష్షుతో రాస్తాను. ప్రహరీగోడకు రంగు వేసినట్టుందని నూకరత్నం ప్రతి వారం నవ్వుతుంది.

ఒక కొస నేను, ఒక కొస వకుళ పట్టుకుని గడపను గట్టుమీదకు మోసుకుపోయాం. నేను ఇంకా తువ్వాలు మీదే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది. నూకరత్నం వెనకనుంచి ఒక లుంగీ విసిరింది. గడపను అడ్డంగా పెట్టి రెండువైపులా రాళ్ళు ఎగదోసి, బిందెతో నీళ్ళు, పళ్ళెంలో కర్పూరం సిద్ధం చేశాను. వకుళ వెళ్ళి పోలయ్యను పిలిచింది.

అతను మేళంతో వచ్చి, గడపకు అవతలే ఆగాడు. గరగ కింద నుంచే కళ్ళు తిప్పి చూశాడు.

"ఇల్లేదండీ మేష్టారూ?"

"ఇదిగో గడప."

"గడప బాగానే ఉందండి. గోడలేవండీ?"

"గాలి బాగా తగులుతుందని పెట్టలేదు."

"పైకప్పో?"

"వానలు లేవు కదా."

పోలయ్య వంగి గడపను పరీక్షగా చూశాడు. "పసుపు ఎవరు రాశారండీ?"

"నేనే."

అతని కాళ్ళ ఆట నెమ్మదించింది. డప్పులు మాత్రం మోగుతూనే ఉన్నాయి. మాణిక్యం గుమ్మంలో కూర్చుని ఉండేటప్పుడు ప్రతి ఏడూ ఆ గడప ముందు ఒక ఆట ఎక్కువ ఆడినవాడు పోలయ్యే.

"అమ్మగారి గడపే కదండీ ఇది" అన్నాడు మెల్లగా. "ఈ ఏడు ఇంకా రాలేదు మేం. పొయ్యండి నీళ్ళు."

పోశాను. డప్పులు గట్టుమీద దద్దరిల్లాయి. అటు చూస్తే వీధి చివర మొదటి నడకపొన్న మిఠాయి పందిరి గుడ్డ ఒకటి తలమీద వేసుకుని మలుపు తిరిగింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక అడవి.

కానీ పోటు వాటికంటే ముందు వచ్చింది. మొదటి అలకే గట్టు మూల ఒకటి విరిగి, నూకరత్నం వంటపాకను తీసుకుపోయింది. పొయ్యీ, అటకా, ఎండుచేపల బుట్టా అన్నీ. "నా పులుసు గిన్ని!" అని ఆమె అరిచిన అరుపు డప్పులకంటే పైకి వినబడింది. గండిలోంచి నీళ్ళు బావివైపు పాకాయి. ఇక మొగ దగ్గరనుంచి కూడా నీళ్ళు వస్తే రెండు ధారలూ కలిసి అరగంటలో బావిని ముంచుతాయి. అందరం మొగ వైపు చూశాం.

మొగ దగ్గర మాణిక్యం అడవి కదలకుండా ఉంది. వాటికి నడక రాదు. డప్పులంటే ఏమిటో తెలియదు. అల వచ్చి ముందు కళింగ చెట్ల మొదళ్ళకు తగిలి రెండుగా చీలింది. చీలిన నీళ్ళు మడచెట్ల కిందికి వచ్చి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేలాది మడవేళ్ళలో దువ్వెనలో చిక్కిన జుట్టులా చిక్కుకున్నాయి. గుగ్గిలం పొదలు మిగిలినదాన్ని పట్టుకున్నాయి. తిల్ల వేళ్ళు పాముల్లా నేలంతా పరుచుకుని మట్టిని అదిమిపట్టాయి. ఇవతలికి వచ్చేసరికి అల మోకాలి లోతు కూడా లేదు. మరుసటి వారం కొట్టించాల్సిన అడవి అది.

ఇటు గట్టుమీద హారతి వేళయింది. పోలయ్య కొడుకులు ఒకరి తర్వాత ఒకరు గరగ మార్చుకుంటున్నారు. నేను అగ్గిపుల్ల గీశాను. ఆరిపోయింది. ఇంకొకటి గీశాను. అదీ ఆరిపోయింది. సముద్రపు గాలి, గోడలు లేని ఇల్లు.

"గాలికి నిలవడం లేదు పోలయ్యా!"

"నిలిచేదాకా మేం ఆడాల్సిందేనండి!" అన్నాడు. అతని ముఖంలో నవ్వు మొదలైంది. "నిదానంగా ఎలిగించండి. తొందరేం లేదు. గాలికి ఎదురుగా గీయండి బాబూ, ఇంకా బాగా ఎలుగుద్ది!"

జీవితంలో నేను అంత శ్రద్ధగా అగ్గిపుల్లలు ఎప్పుడూ గీయలేదు. అవి ఆరిపోతున్నకొద్దీ డప్పులు మోగాయి. డప్పులు మోగినకొద్దీ నడకపొన్నలు మా పక్కనుంచి, మా మధ్యలోంచి, బొట్లతో, పూలదండలతో, ఒకటి బిందెతో, గండిలోకి దిగాయి. ముందు వరస దిగినట్టే దిగి ప్రవాహంలో కొట్టుకుపోయింది. రెండో వరసలో సగం పోయింది. వకుళ చేత్తో నోరు మూసుకుంది. ఒక్కో మొక్కనూ గాజు సీసాలో గోరంత ఉన్నప్పటినుంచీ పెంచిన పిల్ల. మూడో వరస నిలిచింది. దాని వెనక మిగిలినవి వచ్చి ఒకదాని వేళ్ళలో ఒకటి వేళ్ళు దూర్చి నిలబడ్డాయి. గండి మూసుకుంది. నీళ్ళు బావి ఒరకు కాస్త ఇవతల ఆగి, ఏమీ ఎరగనట్టు వెనక్కి మళ్ళాయి.

అప్పుడు నూకరత్నం తన కొంగు అడ్డం పెట్టి, ఒక్క పుల్లతో కర్పూరం వెలిగించింది.

"ఇందాకే అడ్డం పెట్టొచ్చు కదే!" అన్నాడు పోలయ్య ఆయాసపడుతూ.

"ఎందుకు పెడతాను మావా? నా వంటపాక పట్టుకుపోయిన సముద్రానికి ఆ మాత్రం బుద్ధి చెప్పొద్దా?" అని గరగకు దండం పెట్టింది.

బావి చుట్టూ చేరి అందరం తలా ఒక దోసెడు నీళ్ళు తాగి చూశాం. తియ్యగానే ఉన్నాయి. ఇంకోసారి తాగాం.

ఆ సాయంత్రం వకుళ మా ఇంటి గుమ్మంలో కూర్చుంది. గడప లేని గుమ్మం. "ఇన్నేళ్ళ పనీ నీళ్ళలో కలిసింది సార్. సగం చెట్లు పోయాయి. ఉన్నవాటిని నమ్మలేం. రేపు ఎవరో ఊళ్ళో బోరు వేస్తారు, ఇంకెవరో ట్రాక్టరు తోలతారు. అన్నీ ఒకేసారి అటు పోతాయి. తీసేస్తున్నానని పైకి రాసేస్తాను."

నేను లేచి, "రా, నీకొకటి చూపిస్తాను" అని స్నానాల గదికి తీసుకెళ్ళాను.

మా చెట్టు ఉంది. ఊరంతటిలో జాతరకు వెళ్ళనిది అదొక్కటే. వకుళ మోకాళ్ళమీద కూర్చుని చేతులతో బురద తీసింది. పొన్న ఊడవేళ్ళ చుట్టూ గుగ్గిలం వేళ్ళు వల అల్లినట్టు అల్లుకుపోయి ఉన్నాయి. ఎక్కడ ఏది ఎవరిదో విడదీయలేం. డప్పులకు పొన్న లాగినప్పుడల్లా గుగ్గిలం వెనక్కి లాగింది. రాత్రంతా, పగలంతా.

వకుళ చాలాసేపు ఆ బురదలోనే కూర్చుంది. తర్వాత, "ఈ గుగ్గిలం ఎవరు నాటారు సార్?" అంది.

"మాణిక్యమే. నీళ్ళు పారేచోట ఏదో ఒకటి ఉండాలని."

"గట్టుమీద ఒక్కో నడకపొన్నకు నాలుగువైపులా నాలుగు రకాలు వేస్తే..." అని, మిగిలింది తనలో తను అనుకుంటూ లేచి వెళ్ళిపోయింది. వెళుతూ గోనెపట్టా కట్టిన కర్రకు తల కొట్టుకుంది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. క్లాసులో కూడా మంచి ఆలోచన వచ్చినప్పుడల్లా తలుపుకు కొట్టుకునేది.

మొగ దగ్గర అడవి కొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్కడి గింజలే ఊరంతా కలిసి ఏరి గట్టుమీద నాటాం. నూకరత్నానికి కొత్త వంటపాక వేశాం. అధికారి మళ్ళీ వచ్చి, "ఇదేమిటండీ, సంతలా ఉంది?" అని ముఖం ముడుచుకున్నాడు. నూకరత్నం పీతల పులుసు పెట్టింది. రెండోసారి వడ్డించాక, సంత కూడా ఒక పద్ధతేనని ఒప్పుకున్నాడు.

ఈ ఏడు జాతర మళ్ళీ వచ్చింది. పోలయ్య డప్పులు తగ్గించలేదు, ఇంకో రెండు పెంచాడు. గరగ తిరిగే గడపల్లో గట్టుమీద గోడల్లేని ఇల్లు కూడా చేరింది. అక్కడ ఒక గడప శాశ్వతంగా పాతేశారు. అక్కడ కర్పూరం నాకు అప్పగించారు. త్వరగా వెలగకూడదని షరతు.

పొద్దున్నే స్నానానికి వెళ్ళాను. దూరంగా మొదటి డప్పు మోగింది. మా చెట్టు ఆకులు గలగలలాడాయి. గట్టుమీద అన్ని చెట్లూ అలాగే గలగలలాడుతున్న చప్పుడు గాలిలో వచ్చింది. వేరు ఒకటి పైకి లేచి గుడివైపు సాగింది. గుగ్గిలం మెల్లగా లాగింది. పాపం, వేరు మళ్ళీ కిందికి దిగింది.

నేను కొమ్మమీద తువ్వాలు తీసుకుని, దాని మొదట్లో ఒక చెంబుడు నీళ్ళు ఎక్కువ పోశాను.

"నువ్వు ఉండు" అన్నాను. "నేను వెళ్ళి చూసివచ్చి అన్నీ చెబుతాను. ఎవరు ఏ చీర కట్టుకున్నారో కూడా."